శామీర్‌పేట లెక్క: పేదరికం జేబులోనే ఉంటుందా?

తూంకుంట దాటి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు పోతే వచ్చే పెద్ద ఊరు శామీర్‌పేట. ఇప్పుడు ఆ పేరు చెబితే చెరువు, దాబాలు, నల్సార్ లా యూనివర్సిటీ, బిట్స్ పిలానీ క్యాంపస్, ఔటర్ రింగ్ రోడ్డు గుర్తుకొస్తాయి. ప్లాటు కొందామనుకునేవాళ్లకైతే గజం ధర గుర్తుకొస్తుంది. సామాజిక శాస్త్రం చదువుకున్నవాళ్లకు మాత్రం శామీర్‌పేట అంటే ఒక పుస్తకం. 1955లో లండన్‌లో అచ్చయిన ‘ఇండియన్ విలేజ్’. రాసింది శ్యామాచరణ్ దూబే. ఆ పరిశోధన చేసేనాటికి ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు.

ఈ కథనంలో ఆయన గురించి కొంత, ఆయన పని మన ముందుంచే ప్రశ్న గురించి ఎక్కువ ఉంటుంది. ఒక మనిషి పేదవాడని ఎలా తేల్చాలి? చేతిలో ఎంత డబ్బుందో చూస్తే సరిపోతుందా, ఊరు అతన్ని ఎక్కడ నిలబెట్టిందో కూడా చూడాలా? పేదరికం ఇంత శాతానికి తగ్గిందని పేపర్లో చదివి, ‘మన చుట్టుపక్కల చూస్తే అలా లేదే’ అని ఎప్పుడైనా అనుకున్నవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

ముందు మనిషి సంగతి. దూబే 1922లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని నర్సింగ్‌పూర్‌లో పుట్టారు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఉండే కమార్ అనే గిరిజన తెగ మీద ఆయన తొలి పరిశోధన. నాగపూర్‌లో, లక్నోలో పాఠాలు చెప్పి హైదరాబాద్ వచ్చారు. ఆ తర్వాత సాగర్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. సిమ్లాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీకి డైరెక్టర్‌గా, జమ్మూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. హిందీలో రాసిన పుస్తకానికి మూర్తిదేవి పురస్కారం అందుకున్నారు. 1996లో కన్నుమూశారు. ఇన్ని పదవులున్నా ఆయన పేరు నిలబెట్టింది మన పక్క ఊరు శామీర్‌పేటే.

పేదరికం లెక్కలు ఆర్థికవేత్తల పని కదా, మధ్యలో సామాజిక శాస్త్రవేత్తకేం పని అని అడగవచ్చు. ఆర్థికవేత్త అడిగేది ఇంట్లోకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని. సామాజిక శాస్త్రవేత్త ఆ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ షరతు మీద వెళ్తోందని అడుగుతాడు. నెలకు పదివేలు కూలిగా తెచ్చుకున్న మనిషికీ, అదే పదివేలు అప్పుగా తెచ్చుకుని ఆ ఇంట్లోనే పనికి కుదిరిన మనిషికీ జేబులో ఉన్నది ఒకే మొత్తం. మరునాడు పొద్దున ఇష్టమైన చోటికి పనికి పోగలిగేది మాత్రం మొదటివాడే.

దూబే బృందం శామీర్‌పేటకు వెళ్లింది 1951–52లో. ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన గ్రామసేవా కార్యక్రమంలో భాగంగా వేర్వేరు విభాగాల అధ్యాపకులు, విద్యార్థులు కలిసి వెళ్లారు. ఊరి జనాభా అప్పట్లో సుమారు రెండున్నర వేలు. ఈరోజు తూంకుంట దగ్గర ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో అంతమంది ఉంటారు. అంత చిన్న ఊరిని చూసి దేశం గురించి ఏం చెప్పగలరు? దేశం మొత్తానికి శాతం కట్టలేరు, నిజమే. కానీ శాతం కట్టడానికి ముందు ఏది కొలవాలో తెలియాలి కదా. అది తెలిసేది ఒక ఊళ్లో కూర్చుని, ఎవరి ఇంటి ముందు ఎవరు ఎక్కడిదాకా వస్తున్నారో చూసినప్పుడే.

ఆ సమయం కూడా మామూలుది కాదు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి మూడేళ్లయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. తెలంగాణ సాయుధ పోరాటం 1951లోనే ముగిసింది. అదే ఏడాది ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాలు భూమి అడిగాయి. అడిగింది 40 కుటుంబాలు, కావాలన్నది 80 ఎకరాలు, అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి ఇస్తానన్నది 100 ఎకరాలు. ఇంటికి పంచితే రెండున్నర ఎకరాలు. అప్పటిదాకా ఆ ఇళ్ల లెక్క సున్నా అని గుర్తుంచుకుంటే ఆ రెండున్నర ఎకరాల బరువు తెలుస్తుంది.

రూపాయి కూడా అప్పుడు ఒక్కటి కాదు. నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా ఒకటి, మనవాళ్లు కల్దార్ అని పిలిచిన ఇండియా రూపాయి ఒకటి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. నెలకు 35 హాలీ రూపాయలు తెచ్చుకునే మనిషి కల్దార్ అడిగే అంగడికి పోతే అతని చేతిలో ఉన్నది 30 రూపాయలే. హాలీ సిక్కాను 1950లలో మెల్లమెల్లగా తప్పించారు. పాత పుస్తకాల్లో ఆదాయం అంకె కనబడితే అది ఏ రూపాయో చూసుకున్నాకే ఇప్పటి ధరతో పోల్చాలి.

ఆ మాటకొస్తే, చాలా ఇళ్లకు రాబడి రూపాయల్లో వచ్చేదే కాదు. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి ఏడాదంతా పనిచేస్తే పంట నూర్చినప్పుడు కల్లం దగ్గర గింజలు కొలిచేవారు. మాదిగలు మోటకు తోలు తొండం, కాలికి చెప్పులు కుట్టేవారు, డప్పు కొట్టేవారు. పైగా వెట్టి ఉండనే ఉంది. దొర ఇంటి పనికి, అధికారి వస్తే చేసే సేవలకు కూలి లేదు. అప్పు తీరేదాకా జీతం కింద పడి ఉండే భాగేలాల కోసం 1936లోనే నిజాం ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కాగితం మీద చట్టం ఉన్నా పద్ధతి చాలాకాలం నడిచింది. ఇలాంటి ఊళ్లో ‘నీ నెల ఆదాయమెంత’ అని అడిగితే సగం ఇళ్లు జవాబే చెప్పలేవు.

అందుకే దూబే వేరే దారిలో వెళ్లారు. ఊళ్లో ఒక మనిషి హోదాను ఏవి తేలుస్తున్నాయని చూశారు. శామీర్‌పేటలో ఆయనకు ఆరు కనిపించాయి: మతం–కులం, భూమి, సంపద, సర్కారు కొలువులో లేదా ఊరి వ్యవస్థలో ఉన్న స్థానం, వయసు, మనిషికి ప్రత్యేకంగా ఉండే గుణాలు. డబ్బు ఈ ఆరింటిలో ఒకటి మాత్రమే.

భూమిని, సంపదను వేరువేరుగా ఎందుకు పెట్టారన్న సందేహం రావాలి. భూమి కూడా ఆస్తే కదా? పల్లెలో పుట్టినవారికి తేడా తెలుసు. వడ్డీ వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసినవాడి దగ్గర నగదు ఎక్కువే ఉండవచ్చు. అయినా చెరువు కింద పదెకరాలున్న ఆసామి ముందు అతని మాట చెల్లదు. భూమి ఉన్నవాడు పని ఇస్తాడు, నీళ్ల వంతు తేలుస్తాడు, పంచాయితీలో కూర్చుంటాడు. నగదుకు ఆ బలం లేదు. నాలుగోదైన పదవి కూడా అంతే. పట్వారీకి జీతం పెద్దగా లేకపోయినా ఎవరి పొలం ఎవరి పేరున రాయాలో అతని కలం చేతిలో ఉంది. మూడు తరాలుగా దున్నుకుంటున్న పొలం పహాణీలో ఇంకొకరి పేరున తేలిన కథలు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నింటా వినిపిస్తాయి.

ఇక మొదటిదైన కులం. అది పుట్టుకతో వచ్చేది. మిగతావాటిలో సంపాదించగలిగేవి ఉన్నాయి, పోగొట్టుకునేవీ ఉన్నాయి. కులం అలా కాదు. దళితుడు కష్టపడి రెండు ఎకరాలు కొన్నా బావి దగ్గర వరుస మారలేదు. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం 1950లో రద్దు చేసింది. దాన్ని పాటిస్తే శిక్ష వేసే చట్టం అమల్లోకి వచ్చింది 1955లో, అంటే శామీర్‌పేట పుస్తకం అచ్చయిన ఏడాదే. ఊళ్లో సర్వే జరుగుతున్న రోజుల్లో హక్కు ఉంది, దాన్ని అమలు చేసే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు.

ఇలా ఒక మనిషిని నలుగురితో కలవనివ్వకుండా పక్కన పెట్టడాన్ని సామాజిక వెలివేత అంటారు. ఈ మాట విధాన చర్చల్లోకి వచ్చింది 1970లలో, ఫ్రాన్స్ నుంచి. 1974లో రెనే లెన్వార్ అనే అధికారి తన దేశంలో పదిమందిలో ఒకరు సమాజం అంచుకు నెట్టివేయబడ్డారని రాశాడు. వికలాంగులు, ముసలివాళ్లు అతని జాబితాలో ఉన్నారు. మన దగ్గర వెలివాడ అన్నది ఊరి పటంలోనే ఉంది కాబట్టి అందుకు ఫ్రెంచి పుస్తకం అవసరం పడలేదు.

అమర్త్య సేన్ 2000లో ఈ విషయం మీద రాసిన వ్యాసంలో ఒక ముఖ్యమైన తేడా చూపించారు. బయటికి నెట్టడం ఒకటి, చెడ్డ షరతుల మీద లోపల ఉంచుకోవడం ఇంకొకటి. మన ఊళ్లకు ఈ రెండోది బాగా సరిపోతుంది. బొడ్రాయి పండుగైనా, బోనాలైనా, చావైనా డప్పు లేకుండా కదలవు. అంటే మాదిగ లేని ఊరు లేదు. పిలుస్తారు, పని చేయించుకుంటారు, బువ్వ దూరం నుంచి పెడతారు. అతన్ని ఊరు వదులుకోలేదు, దగ్గరికీ రానివ్వలేదు. వెట్టి కూడా అలాంటిదే. పని లేక కాదు, ఉన్న పనికి విలువ లేక మనిషి పేదవాడయ్యాడు. నిరుద్యోగం లెక్కల్లో ఇతను ఎక్కడా కనబడడు.

సరే, అదంతా డెబ్బై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు పేదరికం ఎలా కొలుస్తున్నారు?

ఎక్కువ కాలం నడిచిన పద్ధతి పేదరిక రేఖ. ఒక మనిషి నెలకు కనీసం ఇంత ఖర్చు చేయగలగాలని ఒక మొత్తం నిర్ణయించి, అంతకన్నా తక్కువ ఖర్చు చేసేవారిని పేదలుగా లెక్కించడం. టెండూల్కర్ కమిటీ పద్ధతి ప్రకారం 2011–12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఈ మొత్తం గ్రామంలో 860 రూపాయలు, పట్టణంలో 1,009 రూపాయలు. రోజుకు చూస్తే పల్లెలో 29 రూపాయల లోపు. తిండి, బట్ట, మందు, చదువు, బస్సు అన్నీ అందులోనే. నలుగురున్న ఇంటికి నెలకు పల్లెలో 3,440, పట్నంలో 4,036.

ఇక్కడ తూంకుంటవాళ్లు ఆగి ఆలోచించాలి. 2011లో తూంకుంట గ్రామ పంచాయతీ. 2020 జనవరిలో మున్సిపల్ ఎన్నికలు చూసింది. 2025 చివర్లో చుట్టుపక్కల మున్సిపాలిటీలతో కలిపి దీన్నీ జీహెచ్‌ఎంసీలో చేర్చారు. నలుగురున్న ఒక ఇల్లు ఆ ధరల్లో నెలకు 3,700 ఖర్చు పెడుతోందనుకుందాం. ఊరు పంచాయతీగా ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు పేదది కాదు, రేఖకు 260 రూపాయలు పైనే ఉంది. ఊరి బోర్డు మారగానే రేఖకు 336 రూపాయలు కిందికి పడుతుంది. ఇంట్లో గిన్నె మారలేదు, కూలి మారలేదు, మారింది గీత ఒక్కటే. పట్నంలో అద్దె, పాలు, ఆటో అన్నీ ప్రియం కాబట్టి వేరే గీత ఉండటం తప్పు కాదు. కానీ ఒక కుటుంబం పేదదా కాదా అన్నది మున్సిపల్ శాఖ జీవోతో తేలిపోవడం మాత్రం వింతే.

దీనికి ఇంకో వైపు ఉంది. ఉపాధి హామీ పని గ్రామాలకే. 2024–25లో తెలంగాణలో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. వంద రోజులూ దొరికితే ఏడాదికి 30,000, నెలకు 2,500. 2025 చివర్లో వచ్చిన కొత్త చట్టం రోజులను 125కు పెంచింది, అదీ పల్లెలకే. ఊరు పట్టణమైతే ఈ కూలి తీసుకునే ఇల్లు దాన్ని పోగొట్టుకుంటుంది, పైగా ఇంటిపన్ను పెరుగుతుంది. భూమి ఉన్నవాడికి అదే మార్పు గజం ధర రూపంలో కలిసొస్తుంది. దూబే భూమిని, సంపదను వేరు చేసి చూడటం ఎంత పనికొస్తుందో ఇక్కడ మళ్లీ తెలుస్తుంది. భూమి లేని కూలి ఇంటికి అభివృద్ధి ముందు ఖర్చుగానే వస్తుంది.

గీత ఎక్కడ గీయాలన్న దాని మీద కూడా పెద్దలకు ఏకాభిప్రాయం లేదు. గతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నర్‌గా చేసిన సి.రంగరాజన్ కమిటీ 2014లో దేశం మొత్తానికి రోజుకు పల్లెలో 32, పట్నంలో 47 రూపాయలుగా గీత పైకి జరిపింది. టెండూల్కర్ గీత ప్రకారం 2011–12లో పేదలు దాదాపు 27 కోట్లు. రంగరాజన్ గీత ప్రకారం 36 కోట్ల పైచిలుకు. తేడా తొమ్మిది కోట్లు దాటింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా ఎనిమిదిన్నర కోట్లు. అంటే నెలకు కొన్ని వందల రూపాయల తేడాతో ఒక పెద్ద రాష్ట్రమంత జనం పేదలవుతారు, లేదా కాకుండా పోతారు.

కొత్త లెక్కలు ఏమంటున్నాయి? కేంద్రం 2023–24లో చేసిన గృహ వినియోగ సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున 5,435 రూపాయలు, పట్టణాల్లో 8,978. నలుగురున్న ఇంటికి కడితే పల్లెలో 21,740, పట్నంలో 35,912. ‘మా ఇంట్లో అంత లేదే’ అనేవాళ్లే ఎక్కువ ఉంటారు, వాళ్ల మాట అబద్ధం కాదు. ఒక వీధిలో పది ఇళ్లున్నాయి. తొమ్మిదింటి ఖర్చు 12,000 చొప్పున, పదో ఇంటి ఖర్చు 1,10,000. సగటు కడితే 21,800 వస్తుంది. ఆ వీధిలో ఒక్క ఇల్లు కూడా ఆ సగటు దరిదాపుల్లో లేదు. సగటు ఆ వీధి మొత్తానిది, ఏ ఇంటిదీ కాదు.

డబ్బుతోనే కొలవకూడదన్న ఆలోచన ప్రభుత్వ లెక్కల్లోకీ వచ్చింది. దాని పేరు బహుముఖ పేదరిక సూచీ. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం అనే మూడు కోణాల్లో 12 అంశాలు చూస్తారు: పోషణ, పిల్లల మరణాలు, తల్లుల ఆరోగ్యం, ఎన్నేళ్లు చదివారు, పిల్లలు బడికి పోతున్నారా, వంటకు ఏం మండిస్తున్నారు, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, వస్తువులు, బ్యాంకు ఖాతా. మొత్తం మార్కుల్లో మూడో వంతు కొరత ఉన్న ఇంటిని పేద ఇల్లంటారు. నీతి ఆయోగ్ లెక్కలో తెలంగాణ 2015–16లో 13.18 శాతం, 2019–21లో 5.88 శాతం. పాతిక ఇళ్ల వాడలో, ఇంటికి నలుగురు చొప్పున వందమంది ఉంటే, మునుపు పదమూడు మంది, తర్వాత ఆరుగురు. రాష్ట్ర జనాభా మూడున్నర కోట్లుగా పట్టుకుంటే 46 లక్షల నుంచి 21 లక్షలకు దిగినట్టు.

ఇది నిజమైన మెరుగుదలే, దాన్ని తీసిపారేయక్కర్లేదు. కట్టెల పొయ్యి పోయి గ్యాస్ రావడం ఆడవాళ్ల ఊపిరితిత్తులకు తెలిసిన మార్పు. అయితే ఈ పన్నెండింటిలో ఏం లేదో కూడా చూడాలి. ఇల్లు అన్నచోట నేల, గోడ, కప్పు ఎలాంటివో చూస్తారు, ఆ ఇల్లు సొంతమా అద్దెదా అని చూడరు. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి శామీర్‌పేట దగ్గర స్లాబు గదిలో ఆరుగురు కలిసి ఉంటున్న భవన కార్మికులకు గ్యాస్ ఉంది, ఫోన్ ఉంది, ఖాతా ఉంది. సూచీ ప్రకారం వాళ్లు పేదలు కాకపోవచ్చు. అప్పు లెక్కలో లేదు. కులం అంతకన్నా లేదు. ఇల్లు అద్దెకడిగితే ముందు కులం అడిగే ఓనరు ఏ సూచీకీ చిక్కడు.

ఇంకో లోటును దూబే కన్నా ఆయన భార్య లీలా దూబే బాగా చూపించారు. ఆమె బంధుత్వం మీద, స్త్రీల మీద పనిచేసిన మానవ శాస్త్రవేత్త. ఇంట్లో ఆడపిల్లను ఎలా పెంచుతారో, తిండి పంపకంలో కూడా ఆమె స్థానం ఎలా తేలిపోతుందో 1988లో ఒక వ్యాసంలో రాశారు. తలసరి ఖర్చు అంటే ఇంటి ఖర్చును తలల లెక్కన సమానంగా పంచడం. 21,740ని నలుగురికి పంచితే తలా 5,435. అందులో తండ్రి తాగుడుకు, కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకు పోగా కూతురి వాటా ఎంత మిగిలిందో ఆ అంకె చెప్పదు. పేద కాని ఇంట్లో పేద మనిషి ఉండవచ్చు. ఆడవాళ్లు పోపు డబ్బాలో దాచే చిల్లర, సంఘం పొదుపు, చిట్టీ డబ్బు భర్త జీతంలో కలవకుండా ఎందుకు విడిగా ఉంటాయో దీంతో అర్థమవుతుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త వివియానా జెలైజర్ 1994లో ఇదే విషయం మీద ఒక పుస్తకం రాశారు. ఏ పనికి ఏ డబ్బు అన్న గుర్తు మనుషులు వేసుకుంటారు కాబట్టి ఇంట్లో రూపాయలన్నీ ఒకటి కావంటారామె. పొదుపు సంఘాల తెలంగాణకు ఇది చెప్పక్కర్లేని సంగతి.

కులాన్ని లెక్కలోకి తేవడానికి తెలంగాణ 2024 చివర్లో ఇంటింటి సర్వే చేసింది. 3 కోట్ల 54 లక్షల మంది వివరాలు రాసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో చెప్పిన ప్రకారం వందమందిలో ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56 మంది, ఎస్సీలు 17, ఎస్టీలు 10. చర్చంతా ఈ శాతాల చుట్టూ, రిజర్వేషన్ల చుట్టూ తిరిగింది. నాకైతే ఆ సర్వేలో విలువైనది వేరే. భూమి, ఆదాయం, అప్పు, చదువు గురించి కూడా అదే ఫారంలో అడిగారు. అంటే కులాన్నీ, భూమినీ, సంపదనూ ఒక్కచోట పెట్టి చూసే వీలు ఒక ఊరికి కాక ఒక రాష్ట్రానికి వచ్చింది. వ్యక్తుల పేర్లు తీసేసి ఆ పట్టికలను ఊరివారీగా బయటపెడితే శామీర్‌పేట, తూంకుంట వాళ్లు తమ ఊరి లెక్క తామే చదువుకోగలరు.

ఇంకో లెక్క దగ్గరలోనే ఉంది. దేశ జనగణనలో భాగంగా 2026లో ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్క. 1931 తర్వాత జనగణనలో అందరి కులమూ రాసుకోవడం ఇదే మొదటిసారి. మున్సిపాలిటీ అయ్యాక తూంకుంటలో జనగణన జరగడం కూడా ఇదే మొదలు. జనగణనలో ఆదాయం అడగరు. నీళ్లు, మరుగుదొడ్డి, వంట గ్యాస్, వాహనం, ఫోన్ లాంటివి అడుగుతారు. ఎన్యూమరేటర్ తలుపు తట్టినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లనూ, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాపురమున్న కూలీలనూ వదిలేయకుండా రాయించండి.